ఆమె నీళ్ళు అడగలేదు

హెలికాప్టర్ మమ్మల్ని కొండ మీద దించినప్పుడు టైము 11.40. వాన పడుతోంది. భూమధ్యరేఖ దగ్గరి చోటు కదా, ఎండకి మాడిపోతామనుకుంటూ వెళ్ళాను. దిగిన పది నిమిషాలకే స్వెట్టర్ తీసి వేసుకున్నాను. తూర్పు కాంగోలో ఆ కొండలు రెండు వేల మీటర్ల ఎత్తు ఉంటాయి. ఉదయం ఆరుకి వెలుగు, సాయంత్రం ఆరుకి చీకటి. ఏడాది పొడుగునా అంతే. కేలండర్లో తేదీ మారేది గానీ రోజు మారినట్టు ఉండేది కాదు.

పోస్టులో ముప్పై నాలుగు మందిమి. ఇసుక బస్తాలు, ముళ్ళకంచె, నాలుగు మూలలా కాపలా గూళ్ళు, మధ్యలో రేకుల బంకరు. బంకరులో నా రేడియో సెట్టు. శాంతి దళం వాళ్ళం కాబట్టి నీలి హెల్మెట్. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, రైఫిలు, రెండు వానకోట్లు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. సుబేదార్ సాబ్ మాకు ఇచ్చిన మొదటి ఆర్డరు ఇది: "రోడ్డు మనది. గని మనది కాదు."

రోడ్డు మీద సాయుధ ముఠాలు తిరక్కుండా గస్తీ కాయడం మా పని. గని మా పోస్టుకి ఎదురుగా, లోయ అవతలి కొండలో ఉండేది. యంత్రాలు లేవు. మనుషులు పారలతో తవ్వి నల్లరాయి తీసేవాళ్ళు. కోల్టాన్ అంటారు. మీ జేబులో ఉన్న ఫోన్లలోకి వెళ్ళే లోహం అందులోంచే వస్తుంది. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళు కింద వాగులో కడిగేవాళ్ళు, లారీలు మోసుకుపోయేవి. ఆ లారీలు వెళ్ళే రోడ్డుకే మేం కాపలా. ఆ ఊళ్ళో కరెంటు లేదు.

నేను సిగ్నల్స్ వాణ్ణి. రేడియో కోసం ఆ పటాలానికి అతికించారు. మిగతా అందరూ హిమాచల్ కొండల వాళ్ళు. మంచివాళ్ళే. రొట్టెలు పంచేవాళ్ళు, పేకాటకి పిలిచేవాళ్ళు. కానీ జోకు వేసుకునేటప్పుడు వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు ఐదు భాషలు వచ్చు. తెలుగు, బెంగాలీ, హిందీ, డ్యూటీకి సరిపడా ఇంగ్లీషు, కొంచెం ఒడియా. ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో పెరిగినవాడికి అదేం గొప్ప కాదు. అయినా ఆ కొండ మీద తెలుగు మాట్లాడేది ఆదివారం ఒక్కటే. సిగ్నల్ దొరికితే ఇంటికి పది నిమిషాలు.

"చర్చికెళ్ళొచ్చినాం. మీరు తిన్నారా? ఏటి తిన్నారు?" అనేది మా ఆవిడ.

ఏటి తిన్నారు అన్న మాట కోసం వారమంతా ఎదురు చూసేవాణ్ణి.

పోస్టులో నాకు దగ్గరైనవాడు దుభాషి, అక్కడి మనిషే. అరవై దాటినవాడు. సన్నగా, ఎప్పుడూ గొడుగుతో ఉండేవాడు. పూర్వం బడిపంతులు. నేను మాస్టారూ అనేవాణ్ణి. ఫ్రెంచి, స్వాహిలీ, ఇంగ్లీషు, అక్కడి కొండభాషలు రెండు వచ్చు. ఏళ్ళ తరబడి మన పటాలాలు వచ్చిపోతుండడంతో హిందీ కూడా పట్టుబడింది. మా నాన్న రైల్వేలో చేశాడని ఒక సాయంత్రం టీ తాగుతూ చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మా నాన్న కూడా. దక్షిణాన సరస్సు రేవులో. ఇంజన్లో బొగ్గు వేసేవాడు. గారి యా మోషి అంటాం మేం."

"అంటే?"

"గారి అంటే బండి. మోషి అంటే పొగ."

పొగబండి. మా నానమ్మ చచ్చేదాకా రైలుని ఆ మాటతోనే పిలిచింది. గట్టిగా నవ్వేశాను. ఆ కొండ మీద నేను నవ్వడం అదే మొదటిసారి.

మా సంగతి ఆయనకి చెప్పాను. బొగ్గు, ఇనపరాయి కలకత్తా రేవుకి చేరాలని తెల్లవాళ్ళు పట్టాలు వేశారు. పట్టాలకి మనుషులు కావాలని శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలాంటి వాళ్ళని రప్పించారు. అందుకే నేను బెంగాల్లో పుట్టిన తెలుగువాణ్ణి.

"మా పట్టాలూ ఊళ్ళు కలపడానికి వేసినవి కావు," అన్నాడు మాస్టారు. "రాయి దగ్గర మొదలవుతాయి, నీళ్ళ దగ్గర ఆగుతాయి. వేసినవాళ్ళు వెళ్ళాక పట్టాలు తుప్పు పట్టాయి. రాయి మాత్రం ఇంకా వెళ్తూనే ఉంది."

"మావీ అలాగే మొదలయ్యాయి మాస్టారూ. కాకపోతే మావాళ్ళు ఎక్కి కూర్చున్నారు."

చిన్నప్పుడు బడిలో ఇంటిభాష మాట్లాడితే మెడలో చెక్క తగిలించేవారని ఆయనే చెప్పాడు. సాయంత్రం దాకా దాంతోనే తిరగాలి. "నాకు తగిలించారు. నేను పంతులునయ్యాక నేనూ తగిలించాను," అన్నాడు.

ఐదో నెలలో పెద్దవానలు పట్టుకున్నాయి. గుర్తింపు కార్డు మార్పించుకోడానికి మాస్టారు కింద పట్నానికి వెళ్ళాడు. రెండు రోజుల పని. ఆ మొదటి రోజు 15.40కి గేటు దగ్గరి సెంట్రీ కేకేశాడు.

"రేడియో, ఇలా రా. నీకు భాషలు వచ్చుగా."

గేటు బయట ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయి. పసుపు బట్ట చుట్టుకుంది. మోకాళ్ళ దాకా బురద. చెయ్యి లోయ వైపు చాపి వేగంగా ఏదో చెబుతోంది. మాస్టారి దగ్గర పట్టిన రెండు ముక్కల స్వాహిలీలో పలకరించాను. ఆమె ఆ భాషలో జవాబివ్వలేదు. ఆమె మాటల్లో ఒకటి మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. స్వాహిలీలో నీళ్ళని మాజీ అంటారు. ఆమె మాట దానికి దగ్గరగా వినిపించింది. లోపలికెళ్ళి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాను.

ఆమె సీసా వైపు కాసేపు చూసింది. మూత తీసింది. కందకం తవ్వి గేటు పక్కన పోసిన మట్టికుప్ప మీద నీళ్ళన్నీ నెమ్మదిగా పోసింది. కాలితో తొక్కింది. మట్టి అంచు విరిగి నా బూట్ల దాకా జారింది. ఆమె నా మొహంలోకి చూసింది. నేను నా బూట్లు చూసుకున్నాను.

"పిచ్చిదేమో," అన్నాడు సెంట్రీ.

"దీదీ, రేపు రండి," అన్నాను హిందీలో. దీదీ అంటే ఆమెకేం తెలుస్తుంది? పావుగంట నిలబడి వెళ్ళిపోయింది. లాగుబుక్కులో రాశాను: 15.40. ఒక స్త్రీ. భాష తెలియదు. నీళ్ళు అడిగింది. ఇచ్చాం. పారబోసింది.

మర్నాడు ఉదయం 9.10కి చప్పుడయింది. నిమ్‌పురా రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతున్నట్టు. ఒక్క క్షణం ఇంట్లోనే ఉన్నాననుకున్నాను. బయటికొచ్చి చూస్తే ఎదుటి కొండకి ముందుభాగం లేదు.

సెట్టు అందుకున్నాను. వన్ అంటే కింద మా హెడ్‌క్వార్టరు, త్రీ అంటే మా పోస్టు. "వన్, ఇది త్రీ. గని కొండ కూలింది. లోపల మనుషులున్నారు. వెళ్ళడానికి అనుమతి కావాలి. ఓవర్."

"త్రీ, ఇది వన్. ఆగండి. పైన అడుగుతాం. ఓవర్."

9.30కి మళ్ళీ అడిగాను. ఆగండి. 9.50కి మళ్ళీ. ఆగండి. 10.05కి సుబేదార్ సాబ్ పార భుజాన వేసుకుని బంకరు గుమ్మంలోకి వచ్చారు.

"వన్‌కి చెప్పు. సుబేదారు ఇరవై మందితో రోడ్డు గస్తీకి వెళ్ళాడు. రోడ్డు ఇవాళ గని దాకా ఉంది."

వాళ్ళు దిగిపోయారు. రేడియో వదిలి నేను కదలకూడదు. బంకరులో ఒక్కణ్ణే, చెవి దగ్గర హ్యాండ్‌సెట్టు.

"త్రీ, ఒకడు బతికున్నాడు. ఓవర్."

"రాసుకున్నాను. ఓవర్."

తర్వాత ముగ్గురు ప్రాణం పోయి దొరికారు. మళ్ళీ ఒకడు బతికాడు. ప్రతిదానికీ ఒకే మాట, రాసుకున్నాను. పేజీ తిప్పబోతే నిన్న ఆవిడ గురించి రాసింది కనబడింది.

14.20కి మాస్టారు వచ్చాడు. పట్నంలో కబురు తెలిసి సగం దూరం నడిచే వచ్చాడు. లాగుబుక్కు చూపించాను. ఆవిడ చేసినదంతా చెప్పాను.

"నీళ్ళు ఎక్కడ పోసింది?"

తీసుకెళ్ళి చూపించాను. జారిన మట్టి అలాగే ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. తడిమట్టి వేళ్ళతో నలిపి చూశాడు.

"ఆమె నీళ్ళు అడగలేదు. నీళ్ళొచ్చాయని చెప్పింది. కొండ మొదట్లో కొత్త ఊట పుట్టి ఉంటుంది. ఊట పుడితే కొండ జారుతుంది. వాగులో రాయి కడిగే ఆడవాళ్ళకి అది తెలుసు."

"గనిలో చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది. తవ్వించేవాడికి ఆమె భాష రాదు. లారీలవాళ్ళకీ రాదు. మనం జెండా కట్టుకుని కూర్చున్నాం కదా, వింటామనుకుంది."

లోపల సెట్టు పిలుస్తోంది. వెళ్ళి అందుకున్నాను. రాసుకున్నాను, అన్నాను.

చీకటి పడేసరికి ఆరుగురు బతికారు. పంతొమ్మిది మంది పోయారు. పోయినవాళ్ళలో ఆమె భర్త ఉన్నాడు. సుబేదార్ సాబ్ కనుబొమల దాకా బురదతో వచ్చి పెట్టె మీద కూలబడ్డారు. నిన్నటి సంగతి చెప్పాను.

"ఇది రిపోర్టులో రాయకపోతే నిన్నెవరూ అడగరు," అన్నారు.

"రాస్తాను సాబ్."

"రాయి. కింద నా సంతకం కూడా పెడతాను."

శిక్ష పడలేదు. ఇంకో దుభాషిని పెట్టమని మూడు వారాలకి పైనుంచి కాగితం వచ్చింది, అంతే. శిక్ష పడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ ఆదివారం ఫోను కలిసింది.

"ఏటండీ, అలగున్నారు? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాను."

"మరి మాటాడరేటి?"

వాన గురించి చెప్పి పెట్టేశాను.

ఆమె భాషలో రెండు వాక్యాలు నేర్పమని మాస్టార్ని అడిగాను. తెలుగు లిపిలో రాసుకున్నాను. పదిహేను రోజులు వల్లించాను. ఒక మధ్యాహ్నం ఇద్దరం వాగు దగ్గరికి వెళ్ళాం. ఆమె నీళ్ళలో వంగి తట్టలో రాయి కడుగుతోంది. ఎదురుగా నిలబడి చెప్పాను. నువ్వు చెప్పావు. నాకు తెలియలేదు.

ఆమె నిటారుగా లేచింది. నన్ను గుర్తుపట్టింది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. నేనన్న వాక్యంలో ఒక మాట మళ్ళీ పలికింది, కొంచెం వేరుగా.

"నువ్వు తప్పు పలికావంట," అన్నాడు మాస్టారు మెల్లగా. "సరిగ్గా అనమంటోంది."

అన్నాను. ఆమె ఇంకోసారి పలికింది. నేను ఇంకోసారి అన్నాను. అప్పుడు తలూపి మళ్ళీ తట్ట మీదికి వంగింది. క్షమించిందని అనుకోను. నేను చెప్పింది ఆమెకి తెలిసింది. అంతవరకే.

ఆపైన ఐదు నెలలున్నాను. తర్వాత ఉగాండాలోని ఎంటెబి మీదుగా ఢిల్లీ, అక్కణ్ణించి రైలు. ఖరగ్‌పూర్లో 16.15కి దిగాను. మా ఆవిడ, పిల్ల స్టేషన్‌కి వచ్చారు. ఇల్లంతా చుట్టాలు. అందరూ తెలుగే. పది నెలలు దానికోసం మొహం వాచి ఉన్నవాణ్ణి, వాళ్ళ మధ్య కూర్చుని గోడకేసి చూశాను. వాళ్ళు నాకు అలసట అనుకున్నారు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర పగటి డ్యూటీ. పనికొచ్చే ఆడవాళ్ళలో కొందరు సంతాలీ తప్ప మాట్లాడరు. వాళ్ళ దగ్గర కొంచెం కొంచెం నేర్చుకుంటున్నాను. తోటి గార్డు, "ఎందుకు దాదా, రేపు వీళ్ళు మనకి ఓటేస్తారా?" అంటాడు.

మొన్న మా ఊరి మలంచా బజార్లో ఫోను బాగుచేయించుకుంటుంటే షాపాయన అడిగాడు. మనవాడే, బొబ్బిలి వైపు వాళ్ళు.

"అన్నా, నువ్వెళ్ళిన ఆ కాంగోలో అంత రాయి ఉందంటారు కదా. మరి జనం దర్జాగా ఉండాల. ఎందుకుండరు?"

"తవ్వేవాడిదొక మాట, మోసేవాడిదొక మాట, కొనేవాడిదొక మాట తమ్ముడూ. ఒకడిదొకడికి తెలీదు. తెల్లోడున్నప్పట్నుంచీ అంతే."

"అదేటి, మనకాడా అంతే కదా," అన్నాడు, స్క్రూ బిగిస్తూ.

నేను అతనికి చెప్పనిది ఒకటుంది. మా వంతు అయిపోయి బండ్లలో కిందికి దిగుతున్న ఉదయం, 7.20. గని మలుపు. కూలిన కొండలోనే కొత్త గుంత తవ్వారు. గుంత ముందు ముప్పై నలభై మంది మగవాళ్ళు పారలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఎవరూ లోపలికి వెళ్ళడం లేదు. అందరికంటే ముందు ఆవిడ. పసుపు బట్ట. ఎర్రమట్టి గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, చెమ్మ చూస్తోంది. మా బండి మలుపు తిరిగేదాకా చెయ్యి తియ్యలేదు. ఆ మగవాళ్ళు కదలలేదు.