మామ్మ గవ్వల మీద నా ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా ఒకటి ఉంటుందన్న సంగతి నాకు తెలియదు. విజయనగరంలో బి.ఎస్సీ. ముగించి ఇరవై రెండేళ్ళకే లెక్కల మేష్టరునైపోయిన వాడికి ఆ మాత్రం పొగరు సహజమేనని ఇప్పుడు నన్ను నేను సముదాయించుకుంటాను గానీ, అప్పటి నన్ను తెచ్చి ఎదురుగా నిలబెడితే మాత్రం చెవి మెలిపెట్టకుండా వదలను. లోకంలో ప్రతిదానికీ ఒక సూత్రం ఉంటుందనీ, సూత్రం తెలిసినవాడికి కళ్ళతో చూడవలసిన పని లేదనీ నా గట్టి నమ్మకం. (వాన వచ్చేటట్టుందని ఎవరైనా అంటే ఆకాశం వంక చూడకుండానే వాదించేవాణ్ణి. చాలాసార్లు తడిశాను.)

రాజాంకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరి హైస్కూల్లో వేశారు నన్ను. వేశారన్న మాటే గానీ గట్టిగా వేయలేదు, తాత్కాలికం. ఏడాది చివర ఇనస్పెక్టరు గారు వచ్చి, నా పాఠం విని, తనిఖీ పుస్తకంలో రాసే రెండు ముక్కల్ని బట్టి ఉంచడమో ఊడబెరకడమో తేలుతుంది. ఊడితే ఏమవుతుందో మా నాన్న ముందే తేల్చేశాడు. "ఏటవుతాది? సీపురుపల్లిలో మీ మావ దాన్యం కొట్టున్నాది కదా, ఎల్లి కూకో" అన్నాడు. ఆ కొట్టు పేరు వింటేనే నాకు ముక్కు దురద పుట్టేది. ధాన్యం దుమ్ము ముక్కుకి తగిలితే చాలు, వరసగా పదిహేను తుమ్ములు తుమ్మేవాణ్ణి. పైగా మా మావయ్య నన్ను పేరుపెట్టి పిలవడు. "ఒరే బీయస్సీ, ఆ బస్తా ఇటు జరుపు" అంటాడు, బజారంతా వినేటట్టు. అందుకని ఆ ఉద్యోగం నిలబడాలని నేను మొక్కని దేవుడు లేడు. (సూత్రాలన్నీ తెలిసినవాణ్ణే, అయినా మొక్కులు మాత్రం మానలేదు.)

ఆ ఏడు లెక్కల్లో సంభావ్యత అనే కొత్త పాఠం దిగింది. పెద్ద లెక్కల మేష్టారు ఆ పేజీలు తిరగేసి, ఒక పట్టు నస్యం పీల్చి, "కొత్త పాఠం కొత్త మేష్టరికే" అని నా మీదకి తోసేశారు. నాకు ఆనందమే. పుస్తకం నాణెం ఎగరెయ్యమంది, ఎగరేశాం. బొమ్మ పడొచ్చు, బొరుసు పడొచ్చు, రెండింటికీ సమానమైన అవకాశం, కాబట్టి బొమ్మ పడే సంభావ్యత ఒకటి బై రెండు. పిల్లలు నా జన్మలో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా నేర్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడి తండ్రి హెడ్మాస్టరు గారి గది ముందు ప్రత్యక్షం. "జాతర్లో బొమ్మా బొరుసూ ఆడతన్నాడని నా కొడుకుని నాలుగు తగిలించి లాక్కొచ్చినాను బాబూ. ఇప్పుడా ఆటే బళ్ళో మేష్టరు ఆడిస్తన్నాడంట. ఈ మాత్రం దానికి బడెందుకు, జాతరే నయం కాదేటి?" అని ఆయన గొడవ.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించారు. చుట్ట వాసనొచ్చినా స్నానం చేసే మనిషి ఆయన. "నాణెం వద్దండీ. పుస్తకంలో ఇంకేముంది?" అన్నారు. "పాచికలున్నాయండీ" అన్నాను. "పాచికలా! రాజ్యాలే పోయాయండీ వాటితో! ఇంకా?" నేను గొంతు తగ్గించి, "పేకముక్కలండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, పుస్తకం అట్ట వెనక్కి తిప్పి, అది నిజంగా సర్కారువారు అచ్చేయించిందేనా అని చూశారు. "ఇది పాఠమా, జూదశాలా? పై సోమవారం ఇనస్పెక్టరు గారు వస్తున్నారు. కొత్త పాఠమే వింటారట. ఏదైనా సంసారపక్షంగా ఉండే వస్తువుతో చెప్పి చావండి" అన్నారు.

సంసారపక్షపు వస్తువు నేనుంటున్న ఇంట్లోనే దొరికింది. నేను గది అద్దెకి తీసుకున్నది ఊరంతా మామ్మ అని పిలిచే ఒక ముసలావిడ ఇంట్లో. ఆవిడా, నా క్లాసులోనే చదివే మనవరాలూ ఉండేవారు. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిడ అరుగు మీద ఐదు వరసలు, వరసకి ఐదేసి గళ్ళు గీసి (బడి సుద్దముక్కలతోనే, తెచ్చి ఇచ్చింది నేనే) అష్టాచెమ్మా పరిచేది. నాలుగు గవ్వలు కలిపి విసరడం, ఎన్ని గవ్వలు నోరు పైకి పెట్టి వెల్లకిలా పడితే కాయని అన్ని గళ్ళు జరపడం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు గళ్ళు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఏకంగా ఎనిమిది. చెమ్మకైనా అష్టకైనా ఇంకో పందెం ఉచితం. వీధిలో ఆడవాళ్ళంతా ఆడేవారు, హెడ్మాస్టరు గారి ఇల్లాలితో సహా, కాబట్టి దాన్ని జూదమనే ధైర్యం ఆయనకు లేదు. "గవ్వలా? భేషుగ్గా చెప్పండి" అన్నారు.

నేను ఆ రాత్రే కాగితం మీద లెక్క కట్టేశాను. గవ్వకి రెండు వైపులు. ఒక్కో వైపుకీ ఒకటి బై రెండు. నాలుగు గవ్వలకి రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, పదహారు. అంటే అష్ట పదహారింట ఒక వంతు, చెమ్మా పదహారింట ఒక వంతు. మర్నాడు మామ్మ దగ్గర గవ్వలు అడుగుతూ ఈ ముక్క ఆవిడకి కూడా గర్వంగా వినిపించాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఓలమ్మ, అష్టా చెమ్మా ఒక్కలాగే పడతాయేటి బావూ? గవ్వకి ఒకేపు వీపున్నాది, ఒకేపు పొట్టున్నాది. రూపాయి బిళ్ళలాగ సాపుగా ఉన్నాదేటి అది? ఒక్కపాలి ఏసి సూడు." నేను నవ్వి, "మామ్మా, లెక్క వేసినవాడికి గవ్వ వేయక్కర్లేదు" అన్నాను. ఈ మాట అన్నది నేనే. ఎవరిమీదైనా తోసెయ్యాలని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

సోమవారం ఇనస్పెక్టరు గారు జీపులో దిగారు. రోహిణి కార్తెలో కూడా కోటు విప్పడని పేరున్న మనిషి. నేరుగా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడ్డారు. నేను పాఠం ఎత్తుకున్నాను. రెండు వైపులు, సమానమైన అవకాశం, పదహారింట ఒకటి, గంగా ప్రవాహంలా సాగిపోయింది. అక్కడితో ఆపి కూర్చుంటే నేనివాళ ఈ కథ చెప్పే అవసరమే ఉండేది కాదు. కానీ పొగరు ఊరుకోదు కదా. "ఇప్పుడు చేసి చూపిస్తాను. క్లాసులో ముప్ఫై రెండుమంది ఉన్నారు. తలా ఒకసారి వేస్తే అష్ట ఇంచుమించు రెండుసార్లు, చెమ్మ ఇంచుమించు రెండుసార్లు పడాలి" అని బల్ల మీద గవ్వలు పెట్టాను.

మొదటి కుర్రాడు వేశాడు. అష్ట. క్లాసంతా చప్పట్లు. వాడు గవ్వలు వదలడే! "ఇంకో పందెం ఉంటాది మేష్టరూ!" అంటాడు. లేదంటాను. "అష్ట పడితే ఉండదేటండి? అన్యాయమండి!" అని వెనక బెంచీలు లేచాయి. పందెం అన్న మాట వినబడ్డప్పుడల్లా గుమ్మంలో హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకుంటున్నారు. వాణ్ణి ఎలాగో కూర్చోబెట్టాను. రెండోవాడు వేశాడు. మళ్ళీ అష్ట. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముప్ఫై రెండుమందీ వేసేసరికి బోర్డు మీద అష్ట ఐదు, చెమ్మ సున్నా.

నేను ఇనస్పెక్టరు గారి వైపు తిరిగి, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసే మాట ఒకటి అన్నాను. "ఈ గవ్వలు సరైనవి కావండీ." క్లాసు గొల్లున నవ్వింది. అప్పుడు ముందు బెంచీలోంచి మామ్మ మనవరాలు లేచి నిలబడింది. క్రితం పరీక్షలో ఆ పిల్లకి నేను నూటికి ఏడు మార్కులు వేసి, లెక్కలు ఈ జన్మకి రావని నలుగురిలో చెప్పి ఉన్నాను. "గవ్వలు మంచియేనండి. మేష్టరు సెప్పిన సగంసగం లెక్కే సరైంది కాదండి" అంది. ఇనస్పెక్టరు గారు మొట్టమొదటిసారి నోరు విప్పారు. "మరి ఎంతమ్మా?"

"పదిపాల్లేస్తే ఆరుపాల్లు బోర్లా పడతాదండి ఒక్కో గవ్వ. నాలుగుపాల్లే ఎల్లకిలా."

"నీకెలా తెలుసు?"

"ఏసి సూసినానండి."

"ఎన్నిసార్లు?"

ఆ పిల్ల కాస్త ఆలోచించి, "పుట్టినకాణ్నించీనండి" అంది.

ఇనస్పెక్టరు గారు నా వైపు తిరిగారు. "మేష్టారూ, తమరు ఎన్నిసార్లు వేసి చూశారు?" ఆ క్షణంలో నాకు చీపురుపల్లి కొట్టు కళ్ళకి కట్టింది. నిజం చెబుతున్నాను, తుమ్ము కూడా వచ్చింది. వంద వేశానని బొంకుదామా అనుకున్నాను. కానీ ఆ పిల్ల నన్నే చూస్తోంది, మేమంతా ఉండేది ఒకే ఇల్లు. "ఒక్కసారి కూడా వేయలేదండీ. రెండు వైపులున్నాయి కదా, సగం సగమే అనుకున్నాను. తప్పు నాదే. ఈ అమ్మాయి చెప్పిందే రైటు" అన్నాను. ఇక పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది, పాఠమైనా సరిగ్గా చెప్పి పోదామని బోర్డు తుడిచి ఆ పిల్ల లెక్కతోనే మళ్ళీ మొదలెట్టాను. అష్టకి పదింట ఆరు, నాలుగుసార్లు హెచ్చిస్తే పదివేలకి పన్నెండు వందల తొంభై ఆరు. ఇంచుమించు ఎనిమిదింట ఒకటి. ముప్ఫై రెండు పందేలకి నాలుగు అష్టలు రావాలి, ఐదు వచ్చాయి. చెమ్మకి పదింట నాలుగు, నాలుగుసార్లు హెచ్చిస్తే పదివేలకి రెండు వందల యాభై ఆరే, అంటే ముప్ఫై తొమ్మిదింట ఒకటి. రాకపోవడమే న్యాయం. పిల్లలు రాసుకున్నారు. వాళ్ళకది అర్థమైందని నాకు అర్థమైంది.

ఇనస్పెక్టరు గారు లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పది నిమిషాలకి బయటికొచ్చి, "ఆ గవ్వలు ఎవరివి? వాళ్ళ ఇల్లెక్కడ?" అన్నారు. ఊరేగింపుగా వెళ్ళాం. మామ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏటి బావూ, మా మేష్టర్ని పంపించేస్తావంట? పాపం, అన్నీ తెలుసునని అనుకుంటాడు గానీ గుంటడు మంచోడే. రా, ఒక ఆటాడు. నాను గెలిస్తే మేష్టర్ని ఈ ఊళ్ళోనే ఉంచాల" అంది. హెడ్మాస్టరు గారు అరుగు స్తంభం పట్టుకున్నారు. ఇనస్పెక్టరు గారు నవ్వలేదు. "సరే" అని కోటు విప్పి హెడ్మాస్టరు గారి చేతికే ఇచ్చి, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆ కోటు లేకుండా ఆయన్ని చూసిన అదృష్టవంతులం జిల్లాలో మేమే అయి ఉంటాం.

మామ్మవి చింతపిక్కలు, ఆయనవి గాజుముక్కలు. గంటన్నర నడిచింది ఆట. చివరికి ఇద్దరికీ తలో కాయ మిగిలింది. ఆయన కాయ నడిమింట్లోకి, అంటే మధ్య గడిలోకి, వెళ్ళాలంటే సరిగ్గా రెండు పడితే చాలు. మామ్మకి సరిగ్గా ఎనిమిది పడాలి, అష్ట తప్ప మార్గం లేదు. (ఆఖరి కాయ ఒక్క పందెంలోనే ఇల్లు చేరాలి, మధ్యలో జరపకూడదన్నది ఆ అరుగు చట్టం.) నా తలలో లెక్క దానంతట అదే తిరిగింది. ఆయనకి రెండు పడే అవకాశం మూడింట ఒకటికి కాస్త పైనే. ఆవిడకి ఎనిమిదింట ఒకటి. (నా పాత లెక్కే నిజమైతే పదహారింట ఒకటి. తప్పు చేసినందుకు అంతగా సంతోషించిన లెక్కల మేష్టరు ఇంకొకడు ఉండడు.) మామ్మ వేసింది, ఒకటి. ఆయన వేశారు, మూడు. మామ్మ గవ్వల్ని గుప్పిట్లో గలగలలాడించి, "బోర్లా పడండమ్మా, గుంటడి బతుకు మీ సేతిలో ఉన్నాది" అని వదిలింది. మూడు బోర్లా పడ్డాయి. నాలుగోది గిర్రున తిరుగుతోంది. అది ఆగేలోపు నేను సింహాచలానికి నడిచి వస్తానని, తుమ్ములు మానతానని, ఇంకెవరికీ నూటికి ఏడు వేయనని మొక్కేశాను. బోర్లా పడింది. వీధి వీధంతా "అష్ట!" అని అరిచింది. హెడ్మాస్టరు గారి గొంతే అన్నింటికన్నా పైన వినబడింది. ఆట అయిపోయిందన్నా మామ్మ వినదు, "అష్ట పడినాది కదా, ఇంకో పందెం నాదే" అని మళ్ళీ వేసి గానీ లేవలేదు.

ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. మర్నాడు పొద్దున్న హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి తనిఖీ పుస్తకం నా ముందుకి జరిపారు. అందులో నిన్న ఆఫీసు గదిలో కూర్చుని, మామ్మ ఇంటికి బయల్దేరకముందే ఇనస్పెక్టరు గారు రాసిన రెండు వాక్యాలున్నాయి. "పాఠం తప్పింది, తప్పని పిల్లల ముందు ఒప్పుకుని దిద్దిన మేష్టరును చూశాను. ఉంచవలెను." కింద సంతకం, పదకొండు గంటల పది నిమిషాలు అని వేళ కూడా వేశారు. మేము అరుగు మీద ఆట మొదలెట్టింది పదకొండున్నరకి. అంటే ఆ గంటన్నరా నేను చెమటలు కక్కుతూ మూడింట ఒకటి, ఎనిమిదింట ఒకటి అని లెక్కలేసుకున్న ఉద్యోగపు సంభావ్యత అప్పటికే నిఖార్సయిన ఒకటి. కోటు విప్పి కూర్చున్న ఆ మహానుభావుడికి అది తెలుసు. ఒక్క ముక్క అనలేదు.

ఈ సంగతి మామ్మకి నేను ఎన్నడూ చెప్పలేదు. ఆ ఊళ్ళో ఉన్న ఆరేళ్ళూ వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి, "ఈ మేష్టరు ఉద్దోగం నా గవ్వలు నిలబెట్టినయి" అని చెప్పుకునేది, నేను తలూపేవాణ్ణి. ఆవిడ మనవరాలికి ఆ ఏడు చివరి పరీక్షలో నూటికి యాభై ఎనిమిది వచ్చాయి. (కాగితాలు దిద్దింది నేను కాదు, పెద్ద మేష్టారు. ముందే చెబుతున్నాను.) నాకు బదిలీ అయినప్పుడు మామ్మ ఆ నాలుగు గవ్వలూ కొంగు ముడి విప్పి నా చేతిలో పెట్టి, "ఇకనైనా ఏసి సూడు బావూ" అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వేసి చూస్తూనే ఉన్నాను. రిటైరయి ఇన్నేళ్ళయినా మధ్యాహ్నం నిద్ర పట్టకపోతే ఆ గవ్వలు తీసి మంచం పక్కన గచ్చు మీద వేస్తాను. పదింట ఆరని ఆ పిల్ల చెప్పిన లెక్క ఇప్పటిదాకా పెద్దగా తప్పలేదు. ఎదుట ఆడేవాళ్ళు ఎవరూ లేరు, గెలవడానికి ఉద్యోగమూ లేదు. అయినా అష్ట పడితే మాత్రం గవ్వలు వదలను, ఇంకో పందెం నాదే కదా.