ఎర్ర విమానానికి ఆఖరి పూత

వీధిలో ఆమెను పళ్ళమ్మ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పండ్లు అమ్ముతుందేమోనని సంచీ పట్టుకుని వచ్చేవారు. ఆమె చేసేది కట్టుడు పళ్ళు. ఒక చిన్న పనిశాలలో మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, నున్నగా సానబట్టేది. "కొన్నాకగానీ కొరికి చూడలేని సరుకు నాది" అని తనే నవ్వేది.

ఇంటికొస్తే ఆ నవ్వు గడప దగ్గరే ఆగిపోయేది. లోపలి గదిలో అన్నయ్య మంచం. అతను విమానాలు బాగుచేసే మెకానిక్. ఒకరోజు రెక్క పక్కన వేసిన నిచ్చెన జారి, మెడ దగ్గర వెన్ను విరిగింది. అప్పట్నుంచి మెడ కింద ఏదీ అతని మాట వినదు. అతనికి పెళ్ళాం లేదు, ఆమెకు మొగుడు లేడు. ఇద్దరే.

అతనికి చిన్నప్పట్నుంచీ ఒక పాతకాలపు పందెం విమానమంటే ప్రాణం. ఎర్రటి రంగు, పీపాలాంటి ఒళ్ళు, పొట్టి రెక్కలు. పైలట్ తోక దగ్గర ఇరుక్కుని కూర్చోవాలి. నేలమీద ఉన్నంతసేపూ అతనికి ఎదురుగా ఏముందో కనపడదు.

"దాని నమూనా చేద్దామే. నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు.

మొదట్లో ఆమెకూ సరదాగానే ఉండేది. తేలికపాటి చెక్కను చెక్కుతుంటే వంపు తిరిగేది. అతను మంచంలోంచి కళ్ళతోనే కొలిచేవాడు. ఇంజను అమరింది, రెక్కలు అతికాయి, రంగు దాకా వచ్చింది.

అప్పుడే పనిశాల యజమాని పిలిచాడు. "మనం పట్నానికి మారుతున్నామమ్మా. నీలాంటి చెయ్యి మళ్ళీ దొరకదు. నీకు గది కూడా చూశాను, వచ్చెయ్."

ఆమె ఇంటికొచ్చి చెప్పింది. అన్నయ్య కప్పు వైపు చూస్తూ, "విమానం అయిపోనీ, చూద్దాం" అన్నాడు.

ఇక ఆ విమానం అయితే ఒట్టు. రంగు మందంగా ఉందన్నాడు, గీకేసింది. పల్చగా ఉందన్నాడు, మళ్ళీ వేసింది. గరుకు కాగితానికి వేళ్ళ చివర్లు అరిగిపోయాయి. ఒక మధ్యాహ్నం, "తోక వంకరగా ఉంది" అన్నాడు. ఆమె కొలబద్ద పెట్టి చూసింది. నిటారుగా ఉంది.

"సరిగ్గానే ఉందన్నయ్యా."

"నా కంటికి వంకరే."

ఆమె కొలబద్ద కింద పడేసింది. "కావాలనే చేస్తున్నావు కదూ?"

"ఇది అయిపోతే నువ్వెళ్ళిపోతావు" అన్నాడతను.

"ఉండమని అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"అడిగితే ఏమనేదానివి?"

ఆమె విమానాన్నీ రంగు డబ్బానూ తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా ఆఖరి పూత వేసింది. ఆరాక తెచ్చి అతని కళ్ళ ముందు పెట్టింది.

"ఎడమ రెక్క కింద రంగు కారింది" అన్నాడు.

"కారింది. ఇక అంతే."

"బాగుందే" అన్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. అవి తుడవాల్సింది కూడా ఆమే. తుడుస్తున్నంతసేపూ ఆమెకు కోపం పోలేదు.

తర్వాత అన్నయ్యను చూసుకోవడానికి మనుషుల్ని పెట్టి చూసింది. ఒకామె వాసన భరించలేనని మానేసింది. ఇంకొకడు అన్నయ్యను బస్తాలా దొర్లించాడు, వాణ్ణి ఆమే వెళ్ళగొట్టింది.

"నన్నెక్కడైనా చేర్పించు" అన్నాడు అన్నయ్య.

"చేర్పించడం నాకు చేతకాక కాదు. నోర్మూసుకుని పడుకో."

పనిశాల ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. యజమాని మంచివాడు, కొంత పని ఇంటికే పంపిస్తున్నాడు. అన్నయ్య మంచం పక్కనే బల్ల వేసుకుని చేస్తోంది. అతను ఇప్పుడు వంకలు పెట్టడు. దగ్గు వచ్చినా ఆపుకుంటాడు. ఆ ఆపుకోవడం ఆమెకు ఇంకా ఊపిరాడనివ్వదు.

ఆదివారాలు ఎదురింటి తాతయ్య వచ్చి అన్నయ్య దగ్గర కూర్చుంటాడు. ఆమె బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొస్తుంది.

"ఒక్కసారీ దిగరేంటమ్మా?" అని కండక్టర్ అడిగాడోసారి.

"దిగితే మళ్ళీ ఎక్కనేమో బాబూ" అని ఆమె తిరుగు టికెట్టు తీసుకుంది.