విదర్ అయ్యవారు

ఏసేపు అసలు పేరు ఆ పల్లెలో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన విదర్ అయ్యవారే. వేంపల్లెకు అవతల బీడు నేలల నడుమ ఉన్న చిన్న క్రైస్తవ పల్లె అది. ఆయన అక్కడ మిషన్ బడి పంతులు. ఆదివారం ప్రార్థన చేయించే ఉపదేశి కూడా ఆయనే.

ఆయనకు ఇంగ్లీషు నేర్పింది ఒక ముసలి మిషనరీ దొర. నేర్పింది దేవుని వాక్యంలోంచి. అదీ మూడు వందల ఏండ్ల నాటి ఇంగ్లీషు. ఆ మాటలు దొరల సీమలో కూడా ఎవరూ మాట్లాడడం లేదని ముసలి దొర చెప్పలేదు. చెప్పేవాడు ఇంకొకడు ఆ చుట్టుపక్కల లేడు.

ఏసేపుకు మాటలంటే పిచ్చి. ఒక్క మాటను విడిగా నేర్పితే పిల్లోడు పోగొట్టుకుంటాడు, ఆ మాట ఇంటిల్లిపాదినీ నేర్పితే ఒకటి తప్పిపోయినా ఇంకొకటి దాన్ని పట్టుకొస్తుందని ఆయన నమ్మకం. అందుకే బడి ముందర పిల్లల్ని నడిపించేవాడు. ఆయన ఆ పాత ఇంగ్లీషులో హిదర్ అంటే తన దగ్గరికి పరుగెత్తాలి. దిదర్ అంటే ఆయన చూపిన గోడ దాకా పోవాలి. విదర్ అనగానే ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడి, యాడికి పోతున్నారో చెప్పాలి.

"ఈడికి, ఆడికి, యాడికి. ముగ్గురూ ఒక తల్లి బిడ్డలే. ఈడనుంచి అంటే హెన్స్, ఆడనుంచి దెన్స్, యాడనుంచి వెన్స్. వీళ్ళు ఆ ముగ్గురి చెల్లెండ్లు. మొదటి అచ్చరం మారితే దోవ మారుతాది. మన మాటల్లోనూ అంతే గదరా," అనేవాడు.

ఉప్పు బండి తోలే దస్తగిరి సాబు ఆ దోవన పోతూ బండి ఆపేవాడు.

"ఏమప్పా ఏసేపూ, ఇదర్, ఉదర్, కిదర్ అని మాయమ్మ నాకు ఉగ్గుతోనే పోసినాది. మా మాటలే దొరలు ఎత్తకపోయి ఇంగ్లీసని మీకు అమ్ముతాండారు."

"వాళ్ళు ఎత్తకపోయినారో, మీరు ఎత్తకొచ్చినారో దేవునికే తెలియల్ల సాబూ. నీ ఎద్దులకు మాత్రం ఏ భాషా వచ్చినట్టు లేదు. మా బడి కప్పు మేస్తాండాయి చూడు."

విదర్ అయ్యవారని పేరు పెట్టింది ఆ సాయిబే.

వానలు వరసగా ఎగ్గొట్టిన కరువు ఒకటి వచ్చింది. సర్కారు కంకర కొట్టే పని పెట్టింది. పెట్టిన చోటు ఎండిన వంక అవతల చాలా దూరం. పొద్దున్నే బయలుదేరినా ఎండ నెత్తికెక్కేసరికి గానీ చేరలేరు. ఆలస్యమైతే ఆ పూట కూలి లేదు. పల్లె పక్కన నల్లగుట్ట నిండా రాయే, కానీ పని అక్కడ పెట్టలేదు. చంకలో పసిబిడ్డతో జీవమ్మ వంక ఇసుకలో కూలిపోయిన మర్నాడు ఆడవాళ్ళంతా బడి ముందు వచ్చి కూర్చున్నారు.

"నల్లగుట్ట కాడ రాయి లేదా అయ్యవారూ? ఆ పనికాడి గుమస్తా మా గోడు కరువు దొర చెవిన వేయడు. నీకు ఇంగ్లీసు వచ్చు. నువ్వే చెప్పల్ల," అంది జీవమ్మ. "ఇంకోసారి పడితే నేను లేచేది నమ్మకం లేదు."

ముసలి దొర పోయాక ఏసేపు ఏ దొరతోనూ మాట్లాడి ఎరగడు. భార్య సంతోషమ్మ గడపలోంచి అంది: "ఇన్నేండ్లు పిల్లోల్లను ఆడికీ ఈడికీ నడిపిస్తివి. ఇప్పుడు నువ్వు నడువు."

తెల్లారి ఏసేపు జీవమ్మను వెంటబెట్టుకుని పనిచోటికి పోయాడు. అక్కడ డేరా ముందు కరువు పనుల దొర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దేవునితో మాట్లాడే మాటను మించిన మర్యాద ఉండదని ఏసేపు అనుకున్నాడు. చెప్పులు విడిచి, చేతులు జోడించి, దొరను దేవుణ్ణి పిలిచినట్టే పిలిచి మొదలుపెట్టాడు. దొర నోట్లోంచి చుట్ట తీసి నవ్వాడు. గుమస్తా అంతకన్నా గట్టిగా నవ్వాడు.

"ఆ ఇంగ్లీసు చచ్చిపోయి శానా కాలమైంది. యాడ తవ్వి తెచ్చినావప్పా దీన్ని?"

దొర ఏదో అడిగాడు. వడివడిగా వచ్చిన ఆ మాటల్లో ఒక్కటీ ఏసేపుకు చిక్కలేదు.

"ఏమంటాండాడు అయ్యవారూ?" వెనకనుంచి జీవమ్మ గొంతు. ఆమె చంకలో బిడ్డ ఏడుపు ఆపడం లేదు.

తెలియలేదని ఆమెతో చెప్పలేకపోయాడు. ఇంకేమీ తోచక, బడిలో చేసేదే చేశాడు. జీవమ్మను చూపాడు. పల్లె ఉన్న దిక్కుకు వేలెత్తి "దెన్స్" అన్నాడు. కాళ్ళ కింది నేల చూపి "హిదర్" అన్నాడు. తర్వాత వంక వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి "దిదర్" అని, పిల్లల కోసం ఆగినట్టు ఆగాడు.

దొర నవ్వు ఆగింది. టోపీ పెట్టుకుని గుర్రం తెప్పించాడు.

ముందు జీవమ్మ, వెనక ఏసేపు, ఆ వెనక గుర్రం, అందరికంటే వెనక గొడుగుతో గుమస్తా. వంక ఇసుకలో గుర్రం కాళ్ళు దిగబడ్డాయి. దొర దిగి నడిచాడు. జీవమ్మ పడిపోయిన చోట ఏసేపు నిలబడిపోయాడు. పల్లె ఇంకా కంటికి ఆనలేదు. దొర ముఖం తుడుచుకుని, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటే అన్నాడు.

"వెన్స్? వెన్స్ కమెత్ షీ?"

ఈమె యాడనుంచి వస్తాదని, ఏసేపు నేర్చిన ఆ పాత ఇంగ్లీషులోనే అడిగాడు. దొర మాట ఏసేపుకు అందడం అదే మొదలు. "దెన్స్," అని మెరక అవతలికి చూపాడు. ఇంకా చాలా దూరం నడవాల్సి వచ్చింది. నల్లగుట్ట దగ్గర దొర బూటుతో రాయిని తన్ని చూశాడు.

దొర మనసే కరిగిందో, గుర్రమే అలిసిందో చెప్పలేం. ఆడవాళ్ళ పని నల్లగుట్టకు వచ్చింది. మగవాళ్ళు మాత్రం కరువు తీరేదాకా వంక దాటాల్సే వచ్చింది. అడిగినదంతా ఇచ్చే దొర ఎక్కడా లేడు.

గుమస్తా మాట ఏసేపును వదల్లేదు. చచ్చిపోయిన ఇంగ్లీషును పిల్లల నెత్తిన రుద్దడమెందుకని కొన్నాళ్ళు ఎక్కాలే చెప్పించాడు. నడిపించడం మానేశాడు.

ఒక పొద్దున గుట్ట మీద ఆడవాళ్ళ సుత్తులు మోగడం మొదలైంది. ఎక్కాలు చెప్పే పిల్లలు ఒకరొకరే ఆగి అటు చెవులు పెట్టారు. ఏసేపు వాళ్ళను బయటికి తోలుకొచ్చాడు. కాసేపు ఇటూ అటూ నడిపించి, గొంతు సవరించుకుని అన్నాడు:

"విదర్?"

పిల్లలంతా ఆగి నల్లగుట్ట వైపు చేతులెత్తారు.

"మాయమ్మ కాడికి."