తాళం వెనకవాడికి

పిడుగు అనే పేరు అతనికి ఊరికే రాలేదు. ఉరుమైనా లేకుండా పడేవాడు. ఎదుటివాడు ఇంకా మాట వెతుక్కుంటూ ఉండగానే చెంప పగిలేది. ఎందుకు పగిలిందో ఆ తర్వాత తీరిగ్గా తిట్లలో చెప్పేవాడు. రేవుకు సరుకు తోలే లారీ డ్రైవర్లలో అతని చేతి రుచి చూడనివాళ్లు తక్కువ. చూసినవాళ్లు ఆ సంగతి చెప్పేటప్పుడు నవ్వుతూనే దవడ తడుముకునేవారు.

అలా పుట్టాడా అంటే, ఎవడు పుడతాడండీ అలా! తండ్రి మూటలు మోసే మనిషి. పగలంతా మోసిన బరువు సాయంత్రం కొడుకు వీపు మీద దించేవాడు. మీసం రాకముందే ఇల్లు వదిలి లారీ క్లీనరుగా చేరితే, అక్కడి డ్రైవరుకు నోరు లేదు, స్పానరే. చక్రం బిగించడం ఆలస్యమైతే స్పానరు, అద్దం మీద మరక మిగిలితే స్పానరు. ఒకరోజు కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారుతుంటే, ఆ స్పానరే లాక్కుని గురువుగారి మోచెయ్యి విరగ్గొట్టాడు. ఆ తర్వాత అతని మీద చెయ్యెత్తినవాడు లేడు. ముందు కొట్టినవాడికి నొప్పి ఉండదని అప్పుడే నేర్చుకున్నాడు. దిక్కుమాలిన పాఠమే గానీ, చాలా ఏళ్లు పనిచేసింది.

ఇంట్లో మాత్రం పిడుగు పిల్లి. భార్య టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పనిచేసేది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పెళ్లి మాటల నాడే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "నువ్వు బయట ఎవరి పళ్లు రాలగొట్టుకుంటావో నాకనవసరం. మా తమ్ముడి ఒంటి మీద మాత్రం గీత పడకూడదు. వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను." పిడుగు సరేనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. బావమరిదికి తనే స్టీరింగు పట్టడం నేర్పాడు, తనే లారీ ఇప్పించాడు. ఏ లోడుకు వెళ్లినా వాణ్ణి ముందు పెట్టుకుని తను వెనక నడిపేవాడు.

ఆ బావమరిదిని అందరూ నత్త అనేవారు. రోడ్డు మీద ముసలివాళ్ల సైకిళ్లు కూడా అతన్ని దాటి పోయేవి. నువ్వు చేరేసరికి నీ సరుకు పాతబడిపోతుందిరా అని పిడుగు వెనకనుంచి హారను కొట్టి మరీ తిట్టేవాడు. నత్త దులిపేసుకునేవాడు. నీ వెనక నడిపితే నీ తన్నులు చూడాలి, ముందు నడిపితే నీ తిట్లు వినాలి, తిట్లే నయం బావా అనేవాడు. ఎంత పెద్ద గొడవలోనైనా కోపం రాని మనిషి. పిడుగుకు వాడంటే ప్రాణం. పైకి అన్న పాపాన పోలేదు, అంతే.

అంతలో సముద్రం చెడింది. ఎక్కడో, మ్యాపులో వేలు పెట్టి చూపిస్తే గానీ తెలియని ఇరుకు దారి. అక్కడ ఎవరో ఎవరి మీదో కోపంతో దారినపోయే ఓడల మీదికి క్షిపణులు వదిలారు. ఓడలవాళ్లు ఆ దారి మానేసి ఒక ఖండమంతా చుట్టి రావడం మొదలుపెట్టారు. చుట్టుదారిలో వచ్చేవి వేళకొస్తాయా? వారాల తరబడి రేవు బోసిగా ఉండేది. తర్వాత అన్నీ కట్టగట్టుకుని ఒకేసారి వచ్చిపడేవి. లోపల యార్డులో కంటైనర్లు మేడల్లా పేరుకుపోయి, జాగా లేదని గేటు మూసేసేవారు. గేటు బయట లారీ వెనక లారీ, కనుచూపు మేరా లారీలే. ఓడ కదిలేలోగా లోపలికి చేరని సరుకు నేల మీదే మిగిలిపోతుంది. మళ్లీ ఓడ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఓడల కంపెనీలు కిరాయి పెంచుకుని ఒడ్డునపడ్డాయి. ఆంబోతుల పోట్లాటలో విరిగేది లేగదూడల కాళ్లే కదా.

ఆ ఎండలో, ఆ దుమ్ములో మనుషులు మనుషుల్లా ఉండటం మానేశారు. నీళ్ల డ్రమ్ము దగ్గర ఒకడి చెవి తెగింది. అడుగు జాగా కోసం ఒకడు ముందు లారీ అద్దంలోకి రాయి విసిరితే లోపలివాడి కన్ను పోయింది. ఇవన్నీ దేనికయ్యా అంటే, ప్లాస్టిక్ బకెట్లు పరాయి దేశం చేరడానికి. నత్త లారీలో ఉన్నవి అవే.

చివరికి పిడుగునే వరసకు పెద్దను చేశారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని కొందరు గొణిగారు గానీ, వరస నిలబడింది. అతను పెట్టిన కట్టుబాట్లు రెండే. లారీ వదిలి వెళ్లేవాడు తాళం వెనకవాడికి ఇచ్చి పోవాలి. ముందు లారీ కదలకపోతే నష్టపోయేది వెనకవాడే, కాబట్టి వాడికంటే నమ్మకమైన కాపలా దొరకదు. వరస కదిలితే ఆ లారీని వాడే జరిపి, వెనక్కొచ్చి తనది జరుపుకుంటాడు. ఇక రెండోది: పరాయి లారీ కదిపేముందు వంగి కింద చూడాలి, బాడీ మీద చేత్తో గట్టిగా చరచాలి. నీడ కోసం సగం మంది లారీల కిందే పడుకునేవారు మరి. ఈ రెండోది మరిచిన ఒకణ్ణి పిడుగు వరసంతా చూస్తుండగా కుళ్లబొడిచాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అయినా కొట్టాడు.

గేటు దగ్గర జొరబాటు గుంపు ఒకటి తయారైంది. వెనక నిలబడే ఓపిక లేనివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ల లారీలను బలవంతాన వరస మధ్యలో దూర్చడం ఆ గుంపు బేరం. ఒకసారి వస్తే పిడుగు వాళ్లలో ఒకడి ముక్కు చితక్కొట్టి పంపాడు. ఈసారి ఇనప రాడ్లతో వస్తామని కబురు పెట్టారు. రమ్మన్నాడు.

వచ్చారు. మిట్టమధ్యాహ్నం, గేటు తెరిచి వరస కదలడం మొదలయ్యాక, ఒక ఎర్ర లారీని వెంటబెట్టుకుని వచ్చారు. నత్త అప్పుడే నీళ్లకని దిగి, తాళం బావ చేతిలో పెడుతున్నాడు. పిడుగు తాళం జేబులో వేసుకుని వాణ్ణి తన లారీ వైపు తోశాడు.

"నా లారీ ఎక్కి తలుపు బిగించుకో. నేను పిలిచేదాకా దిగకు."

"నువ్వూ రా బావా. దూరితే దూరనీ, ఒక లారీ వెనకబడతాం, అంతేగా."

"మీ అక్కకు మాటిచ్చాను. ఎక్కు."

నత్త ఎక్కి తలుపు వేసుకున్నాడు. పిడుగు సీటు కింది జాకీ రాడ్డు తీసుకుని ఎదురెళ్లాడు. మొదటివాడి మోకాలు పక్కకు వంగిపోయింది. రెండోవాడి దవడ తిరిగి, నోట్లోంచి రక్తమూ పన్నూ కలిసి ఊడిపడ్డాయి. అతని భుజం మీదా ఒక దెబ్బ పడింది, అతనికి తెలియలేదు. డ్రైవర్లు దిగి రాళ్లు అందుకున్నారు. అద్దాలు పగులుతున్నాయి, హారన్లు మోగుతున్నాయి, ఏ కేక ఎవరిదో తెలియడం లేదు. నిజం చెప్పాలంటే, చాలా రోజుల తర్వాత పిడుగుకు హాయిగా ఉంది.

అప్పుడు వరస ముందుకు జరిగింది. నత్త లారీ ముందు ఖాళీ పడింది. ఎర్ర లారీ ఆ ఖాళీలోకి మూతి పెట్టింది. పిడుగు ఒక్క ఉరుకున నత్త లారీ ఎక్కి, తాళం తిప్పి, ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. కింద చూడలేదు, చరచలేదు. ఆ లారీ కింద పడుకునేవాడు వెనక తన లారీలో భద్రంగా ఉన్నాడు కదా. వెనక చక్రం దేనిమీదో ఎక్కి దిగింది. రోడ్డు నిండా రాళ్లే, పట్టించుకోలేదు. ఎర్ర లారీ బంపరు నుజ్జునుజ్జయింది, డ్రైవరు దూకి పారిపోయాడు, గుంపు చెదిరిపోయింది. వరసంతా ఈలలు వేసింది.

పిడుగు దిగి తన లారీ దగ్గరికి వెళ్లాడు. ఒరేయ్ నత్తా, దిగరా, పెళ్లయిపోయింది అని పిలిచాడు. లోపల ఎవరూ లేరు. ముందు అద్దం పగిలి సీటు నిండా పెంకులు. ఆ అద్దంలోకి రాడ్డు దూసుకురాగానే నత్త బెదిరి కిందికి దూకాడనీ, పాకుతూ ముందున్న తన సొంత లారీ కిందికే దూరాడనీ తర్వాత ఒక డ్రైవరు చెప్పాడు. అతను చూశాడు గానీ, అరిచి చెప్పేలోపే బండి కదిలిపోయింది.

ఆసుపత్రి చేరేలోగానే నత్త పోయాడు.

ఆసుపత్రి వసారాలో బల్ల మీద పిడుగు కూర్చున్నాడు. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లు ఒక మాట అనుకున్నారు. గుంపువాళ్లే తొక్కించారని చెబుదాం, వాళ్లెలాగూ చెడ్డవాళ్లే, కనీసం ఆ కాపురమైనా నిలబడుతుంది. వాళ్లలో పెద్దవాడైన ముసలి డ్రైవరు పిడుగు భుజం మీద చెయ్యి వేసి, నువ్వు నోరు తెరవకు, మేం చూసుకుంటాం అన్నాడు.

ఆమె షెడ్డు నుంచి అలాగే వచ్చింది, జాకెట్టు మీద దారపు పోగులతో. తమ్ముణ్ణి చూసి బయటికొచ్చింది. ఏడవలేదు. ఎవరు అని అడిగింది. ముసలాయన గుంపు సంగతి ఎత్తుకున్నాడు. ఆమె పూర్తిగా విననే లేదు, మొగుడి వైపు తిరిగింది.

"తుమ్మినందుకు తన్నేవాడివి, ఇప్పుడిక్కడ కూర్చున్నావేం? పో. వాడెవడో వెతికి చంపిరా. నేనేమీ అనను."

"నేనే," అన్నాడు పిడుగు.

"నీ సంగతి కాదు అడిగింది. తొక్కించింది ఎవరని."

"నేనే తొక్కించాను. తాళం నా దగ్గరే ఉంది. కింద చూడలేదు."

ఆమె కొట్టింది. ముందు చేతులతో, తర్వాత చెప్పుతో, ఆ తర్వాత బల్ల మీదున్న స్టీలు నీళ్ల సీసాతో. ఒకప్పుడు స్పానరుకు చీలిన కనుబొమే మళ్లీ చీలింది. పట్టుకోబోయిన డ్రైవర్లను పిడుగు ఒక్క చూపుతో ఆపేశాడు. లేచి చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. ఆమె చేతులు పడిపోయేదాకా కొట్టి, నేల మీద కూలబడింది. ముసలాయన ఏదో ఒక ఓదార్పు చెప్పాలని వంగాడు. వాడు నిద్రలోనే పోయాడమ్మా, వాడికేం తెలియలేదు అన్నాడు.

ఆమె ఆ మాట పట్టుకుంది. తల ఎత్తి మొగుణ్ణి చూసింది.

"నిజమేనా? నిద్రలోనేనా?"

ఊ అంటే సరిపోయేది. అనొచ్చు కదా అంటారు మీరు, నేనూ అదే అంటాను. కానీ ఆ అబద్ధం మోయలేడు ఆ మనిషి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని గొంతు వినపడీ వినపడనంత చిన్నదైపోయింది.

"అరిచాడు. నాకు వినపడింది. వాళ్ల మనిషి అరుపనుకున్నాను. నవ్వాను."

ఆమె గోడ పట్టుకుని లేచింది. తమ్ముడు ఉన్న గదిలోకి వెళ్లి లోపలనుంచి తలుపు వేసుకుంది.