వారానికి రెండు రోజులే

ఏడో తరగతి నేను మూడేళ్ళు చదివాను. నాలుగో ఏడు కూడా చదివేవాణ్ణే. పంతులుగారే మా నాయనను పిలిపించి, "మీవాడికి విశ్రాంతి ఇప్పించండి, మాకూ ఇచ్చినట్టుంటుంది" అన్నారు. అలాంటి నాకు ఒక ముసలామె ఒకే ఒక్క పాఠం చెప్పింది. పొద్దున్నే ఆటో తీసుకుని ఆత్మకూరు ఆసుపత్రి దారిలో వెళుతుంటే సర్కారు తుమ్మ కట్టెల పొగ ముక్కుకు తగులుతుంది. చేతులు వాటంతటవే బండిని అటు తిప్పబోతాయి. నా రోజు కాకపోతే తిప్పకూడదు. అదే పాఠం. ఇప్పటికీ సగమే వచ్చింది.

ఖాదర్‌బీ అవ్వది ఉదయగిరి. చెక్క గరిటెలు చెక్కి చెక్కి అరచేతులు కాయలు కాచిన మనిషి. కూతురి దగ్గరుండడానికి ఆత్మకూరు వచ్చాక, ఆసుపత్రి ఎదుట రేకుల కొట్టంలో పొయ్యి పెట్టి, రోజూ పొద్దున్నే బాలింతల స్నానాలకు ఉచితంగా వేణ్ణీళ్ళు కాచి ఇచ్చేది. పక్క పల్లె నుంచి నా ఆటోలో కాన్పుకు ఒకామెను తెచ్చిన రోజు నేను అక్కడ ఒక బకెట్ మోశాను. మర్నాడూ వెళ్ళాను. అలా ఐదు రోజులు. ఆరో రోజు అవ్వ నా చేతిలో బకెట్ లాక్కుంది.

"నీకు మంగళవారం, శుక్రవారం. తక్కిన రోజులు ఈ పక్కకు రావాకు."

"ఏందవ్వా, పని బాగలేదా?"

"బాగుండాది. అందుకే పొమ్మంటా ఉండా. ఆకలుండంగానే ఇస్తరాకు ముందు నుంచి లేపితే మళ్ళా వస్తావు. గొంతుదాకా పెడితే నన్ను చూస్తానే పారిపోతావు."

కోపం వచ్చింది. ఊరికే చేస్తానన్నవాణ్ణి తరిమే మనిషిని అప్పుడే చూశాను. శుక్రవారం మాత్రం అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాను. అక్కడ ఎనిమిది మందిమి, ఒక్కొక్కరికి రెండేసి రోజులు. ఏళ్ళు గడిచినా ఒక్కరూ మానలేదు. రానివాణ్ణి ఎందుకు రాలేదని అవ్వ అడిగేది కాదు. వచ్చినవాణ్ణి తిన్నావా అని అడిగేది.

నిరుడు అవ్వ చనిపోయింది. పొయ్యి నా చేతికొచ్చింది. రెండు రోజుల పద్ధతి ముసలామె చాదస్తమనుకుని, అందరూ రోజూ రావాలన్నాను. రానివాళ్ళను నా నోటితో దారికి తెద్దామనుకున్నాను. ఒక పొద్దున టైలర్ మస్తానయ్య ఆలస్యంగా వస్తే, "ఏందన్నా, మీ వీధిలో సూర్యుడు పంక్చరైనాడా?" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మర్నాడు రాలేదు. తర్వాత ఒక్కొక్కరే తగ్గి, నెల తిరిగేసరికి నేనూ, నీళ్ళు కాచే గుండిగా మాత్రమే మిగిలాం. ఒక్కణ్ణే కట్టెలు కొట్టి, నీళ్ళు తోడి కాచేసరికి పొద్దెక్కిపోయేది. ఒకనాడు ఒక బాలింత వాళ్ళమ్మ చాలాసేపు నిలబడి, ఖాళీ బకెట్‌తో తిరిగి వెళ్ళింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏదో ఎదురు జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

ఆ రోజు ఆటోలో ఎవరెక్కారో, ఎక్కడ దించానో గుర్తులేదు. సాయంత్రం మస్తానయ్య కొట్టు ముందు ఆగాను.

"ఆ లేటైన పొద్దు మాయమ్మకు నీళ్ళు పోసి వచ్చినాను," అన్నాడు మిషన్ ఆపకుండా. "మంచంలో ఉండాది కదా."

"చెప్పొచ్చు కదన్నా?"

"నువ్వు అడిగితే గదా? నవ్వించినావు."

నీకు వీలైన రెండు రోజులు ఏవని అడిగాను. అలాగే ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఏడుగురిలో ఐదుగురు వచ్చారు.

ఇప్పుడు నాకూ రెండు రోజులే. తక్కిన ఐదు రోజులూ కాలు ఒకచోట నిలవదు. కట్టెలు తడిశాయేమో, ఎవరైనా ఎగ్గొట్టారేమో. వస్తారని నమ్మి ఊరుకోవడం బకెట్లు మోయడం కంటే కష్టమని అవ్వ చెప్పలేదు. పోయిన గురువారం ఆగలేక, బండి పక్కన పెట్టి కొట్టంలోకి తొంగి చూశాను. గుండిగ మీద ఆవిరి లేస్తోంది. "ఊరికే, ఇటు పోతా పోతా..." అని నసిగాను. మస్తానయ్య పొయ్యిలోకి కట్టె తోస్తూ తలెత్తాడు.

"మేము రాలేదేమోనని భయమా, నువ్వు లేకపోయినా నీళ్ళు కాగతా ఉండాయని కడుపుమంటా?"