పెట్రోలు ప్రసంగానికి డీజిల్ కారులో

పెట్రోలు గురించి ప్రసంగించడానికి వెళ్తూ, అదే పెట్రోలు చేతిలో నేను చిత్తుగా ఓడిపోయిన రోజొకటి ఉంది. చెబుతాను. నవ్వితే మాత్రం కాస్త మెల్లగా నవ్వండి, నేనింకా ఈ జిల్లాలోనే ఉద్యోగం చేసుకోవాలి.

బందరు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరి అప్పటికి ఏడాది. అవనిగడ్డలో ఒక హైస్కూలు వాళ్లు ‘పెట్రోలు: అర్థం, ఉపయోగాలు’ అన్న విషయం మీద మాట్లాడమని పిలిచారు. స్కూటీ మీద వెళితే గౌరవం తగ్గుతుందేమోనని బాబాయిని కారు అడిగాను. ఆయన ఆ కారును పసిపిల్లకు నీళ్లు పోసినట్టు రోజూ కడుగుతాడు.

“డీజిల్ బండమ్మా, గుర్తుంటుందా?” అన్నాడు తాళం ఇస్తూ.

“బాబాయ్, నేను కెమిస్ట్రీ లెక్చరర్ని!”

దారి పొడవునా ప్రసంగం వల్లిస్తూనే ఉన్నాను. ముడి చమురును మరిగించి వేరు చేస్తే వచ్చేది పెట్రోలు, ఇట్టే ఆవిరవుతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది... చల్లపల్లి బంకులో ఆగేసరికి నా నోటి నిండా పెట్రోలే.

“ఏం కొట్టమంటారు మేడమ్?”

“పెట్రోలు.”

“డీజిల్ బండిలా ఉందండీ?”

“పెట్రోలేనండీ. ఫుల్ చేయండి” అన్నాను, క్లాసులో తప్పు దిద్దే గొంతుతో. పాపం, ఆయన నేను చెప్పినట్టే నింపేశాడు.

మోపిదేవి రెండు కిలోమీటర్లుందనగా కారు దగ్గింది. చలిజ్వరం వచ్చినట్టు వణికింది. కాలవ గట్టు పక్కన ఆగిపోయింది. నేను ఫోను చేయగానే స్కూలు హెడ్మాస్టరుగారు ఒక మెకానిక్‌ను స్కూటరు వెనక ఎక్కించుకుని వచ్చారు. మెకానిక్ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

“డీజిల్లో జిడ్డు ఉంటదండీ. ఆ జిడ్డే పంపుని కాపాడుద్ది. పెట్రోలు దాన్ని కడిగేసుద్ది. ఇంక తాళం తిప్పకండి.”

“ఇంజను పోయినట్టేనా?” తాళం బయటికి లాగేస్తూ అడిగాను.

“ట్యాంకంతా దించేసి, పైపులు కడిగితే బతుకుద్దండీ. ఇంతకీ ఎవరు పోయించారు? చదువుకున్నోళ్లు కాదనుకుంటా.”

హెడ్మాస్టరుగారు కాలవలోని గుర్రపుడెక్కను అతి శ్రద్ధగా పరిశీలించసాగారు.

కారును మెకానిక్‌కు అప్పగించి, స్కూటరు వెనక కూర్చుని స్కూలు చేరాను. అయినా బాగానే మాట్లాడాను. స్కూటర్లు, కార్లు, పొలాల్లో మందు కొట్టే మిషన్లు, అన్నీ వివరించాను. చివర్లో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“మేడమ్, డీజిల్ బండిలో పెట్రోలు పోస్తే ఏమవుద్దండీ?”

హెడ్మాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. దాటవేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది.

“మోపిదేవి దాకా కూడా వెళ్లదమ్మా” అన్నాను.

హాలు గొల్లుమంది. ఆ తర్వాత మెకానిక్ చెప్పిన జిడ్డు సంగతి చెబితే, పిల్లలు నా ప్రసంగం మొత్తంలో అదొక్కటే నోట్సు రాసుకున్నారు.

సాయంత్రానికి కారు బతికింది. జరిగిందంతా ఫోనులో చెబితే బాబాయి కారు ఊసే ఎత్తలేదు. “నీకేం కాలేదు కదా?” అన్నాడు. ఆయన తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

కాబట్టి కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ బంకులోనూ నేను నోరు విప్పను. దిగి, మూత మీద రాసింది రెండుసార్లు చదివి, వేలితో చూపించి ఊరుకుంటాను.