మిల్లు గేటు దగ్గర దింపుడు కళ్ళం

2011 వేసవిలో నేను శంషాబాద్ దగ్గర ఒక రైల్వే గేటులో పనిచేసేవాణ్ణి. గేట్‌మ్యాన్ అంటే గేటు ఎత్తడం, దించడమే కదా అనుకుంటారు అందరూ. అదొక్కటే అయితే హాయిగా ఉండేది. రైలు వచ్చే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు. గేటు దించి తాళం వేశాక నేనొక ప్రైవేట్ నంబర్ చెప్పాలి, ఆయనొకటి చెప్పాలి. మాట ఇద్దరికీ అందిందనడానికి అదే సాక్ష్యం. కొన్ని రోజులు నేను సాటి మనిషితో మాట్లాడిందల్లా ఆ అంకెలే. మాది బొబ్బిలి వైపు. పెళ్ళాం పిల్లలు అక్కడే ఉండేవాళ్ళు. ఇక్కడ నేనూ, నా స్టవ్వూ, నెత్తి మీద విమానాలూ. నిజం చెప్పొద్దూ, గేటు పడిందని ఎవడైనా లారీ డ్రైవరు తిట్టినా, పోనీ పలకరించాడులే అనిపించేది.

దాన్ని అందరూ మిల్లు గేటు అనేవారు. నిజాం కాలంలో పట్టాలు పడ్డాక వాటి పక్కన ఆముదం మిల్లు లేచిందట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆముదాలు ఎడ్లబండ్ల మీద వచ్చేవి, నూనె డబ్బాలు వ్యాగన్లలో పోయేవి. వ్యాగన్లు మిల్లు లోపలికే వెళ్ళడానికి విడిగా పట్టాలుండేవి. దాన్ని మేం సైడింగ్ అంటాం. పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి అక్కడే గుడిసెలు వేసుకుంటే అది మిల్లు బస్తీ అయింది. తరవాత బెంగళూరు రోడ్డు మీద లారీలు పెరిగాయి. సైడింగ్ పీకేశారు, మిల్లు మూతపడింది. విమానాశ్రయం వచ్చేనాటికి బస్తీలో సగం ఇళ్ళు ఖాళీ. ఇదంతా నాకు చెప్పింది మల్లయ్య. మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. పిల్లల్లేరు. భార్యాభర్తలిద్దరే.

బస్తీవాళ్ళ శ్మశానం పట్టాల అవతల ఉంది. మిల్లు నడిచే రోజుల్లో వ్యాగన్లు అటూ ఇటూ మారుస్తూ గేటు ఎప్పుడు చూసినా మూసే ఉంచేవారట. పాడె మోసుకొచ్చినవాళ్ళు అక్కడ దించక తప్పేది కాదు. అలా అదే వాళ్ళకు దింపుడు కళ్ళం అయిపోయింది. పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలిచి, పలుకుతారేమోనని కాసేపు చూసేవాళ్ళు. మిల్లు పోయాక కూడా ఆ పద్ధతి పోలేదు. పాడె కనిపిస్తే, రైలు లేకపోయినా సరే, గేట్‌మ్యాన్ గేటు దించాలి. నా ముందు పనిచేసినాయన జెండాలూ దీపమూ అప్పగించి, ఆ వెంటనే చెప్పింది ఈ సంగతే. ఏ రూల్సులోనూ లేదు. అయినా నేనూ దించాను.

ఆ వేసవిలో కాస్త దూరంలో అండర్ బ్రిడ్జి కడుతున్నారు. అది తెరిస్తే గేటు శాశ్వతంగా మూసేస్తారు. మల్లయ్య భార్య అప్పుడు శంషాబాద్ దవాఖానలో ఉంది. ఆయన రోజూ అన్నం గిన్నె పట్టుకుని గేటు దాటి పోయేవాడు. పోతూ పోతూ ఒకటే అడిగేవాడు, గేటెప్పుడు బందు చేస్తరని. నాకు చిరాకేసి, మీకెందుకండీ అంత తొందర అన్నాను ఒకరోజు.

"నాకు గాదు సారూ, మా ఇంటామె అడుగుతున్నది" అన్నాడు. "గేటు ఉన్నప్పుడే పోవాలంటది. మా అవ్వను, నాయిన్ను, అందర్నీ గీడనే దించినం. గా బ్రిడ్జి కింద బండ్లు ఆగనిస్తయా? నన్నెవ్వరు పిలవకుంట తీస్కపోతరని ఏడుస్తున్నది."

తగ్గిపోతుంది లెండి మల్లయ్య గారూ అన్నాను, ఎవరైనా అనే మాటే. నిజానికి గేటు మూస్తే నాకు మా వైపు బదిలీ వస్తుందని రోజులు లెక్కపెట్టుకుంటున్నవాణ్ణి. ఆ సాయంత్రం నుంచి బ్రిడ్జి పని ఆలస్యమైతే బాగుండునని కోరుకోవడం మొదలుపెట్టాను. ఎవరికి చెప్పుకోను, నవ్వుతారు.

పని ఆలస్యం కాలేదు. బ్రిడ్జి తెరిచారు, గేటుకు తాళం వేయించారు. రోడ్డు తవ్వి గోడ పెట్టేదాకా కాపలా ఉండమని నాకు ఆర్డరు. ఆ మర్నాడే ఆమె పోయింది.

అత్తాపూర్ నుంచి ఆమె మేనల్లుడు వ్యాన్ తెచ్చాడు. బ్రిడ్జి కింద నుంచి పోతే చిటికెలో అయిపోతుందని అతని లెక్క. మల్లయ్య ఒప్పుకోలేదట. పాడె కట్టించి, భుజాల మీదే గేటు దాకా తెచ్చారు. అక్కడి నుంచి పట్టాల పక్కన కొత్త రోడ్డు బ్రిడ్జి వైపు తిరుగుతుంది కాబట్టి వెనక్కి మళ్ళే పని లేదు. మోసేవాళ్ళు నలుగురూ కాక వెనక ఇంకో ముగ్గురో నలుగురో. అంతే జనం. స్టేషన్ మాస్టర్‌ను బతిమాలి ఈ ఒక్కసారికి తెరిపిద్దామని నేను తాళంచెవి పట్టుకుని బయటికొచ్చాను.

మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "తియ్యకు సారూ. మాకు గేటు మూసుండుడే గావాలె."

పాడె దించారు. మేనల్లుడు వంగి, అత్తా అని ఒక్కసారి పిలిచి లేచాడు. మూడుసార్లు పిలవాలన్నాడు మల్లయ్య. ఎండ మండిపోతోంది, నువ్వే పేరు పెట్టి పిలువు మామా అన్నాడతను.

మల్లయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "గా పేరుతోని నేనెన్నడు పిలిస్తి? కొత్తగ పిలిస్తే పలుకుతదా?"

తరవాత ఆమె చెవి దగ్గరికి వంగి, అన్నం పెట్టమన్నట్టు, మామూలుగా, "ఇగో... ఇంటున్నవా?" అన్నాడు. ఆగి మళ్ళీ అన్నాడు. మూడోసారి అంటుండగా గేటు గదిలో ఫోన్ మోగింది. వెళ్ళక తప్పదు. స్టేషన్ మాస్టర్ ఎప్పటిలాగే గేటు మూశావా అని అడిగాడు. మూసే ఉంది సార్ అన్నాను, నంబర్ చెప్పాను.

జెండా పట్టుకుని నిలబడ్డాను. గూడ్స్ బండి వచ్చింది. వ్యాగన్ల మోత అయ్యేదాకా ఎవరూ కదలలేదు. అంతా సద్దుమణిగాక మోసేవాళ్ళు పాడె ఎత్తబోయారు.

"జర ఆగుండ్రి" అన్నాడు మల్లయ్య. "పలికినా రైలు చప్పుడుల మనకు ఇనవడకపోయి ఉంటది. ఇంకొక్కపారి పిలుస్త."

నాలుగోసారి పిలవడం ఎక్కడా లేదు. మేనల్లుడితో సహా ఎవరూ కాదనలేదు. అతనే ముందు ఏడ్చాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

ఆ తరవాత నాకు వేరే గేటుకు బదిలీ అయింది. అక్కడ శ్మశానం ఎటుందో నాకు తెలియదు, ఆ ఊరివాళ్ళకు గేటు దగ్గర దించే అలవాటూ లేదు. అయినా ఎప్పుడైనా శవయాత్ర వచ్చి గేటు దగ్గర ఆగితే, రైలు వెళ్ళిపోయిన వెంటనే గేటు ఎత్తను. మోత పూర్తిగా తగ్గనిస్తాను. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడతారు. కొట్టనీ.